గుట్టు విప్పకుండా ఇంటిగుట్టు నవల సిఫారసు చేయడం

ఒక ఇంటివాళ్ళు దాచిన రహస్యం చుట్టూ తిరిగేది ఇంటిగుట్టు నవల. బుక్ క్లబ్బుకి అట్లాంటి నవల సిఫారసు చేసేవాళ్ళు రెండు రకాలుగా బోల్తా పడతారు. కొందరు ఉత్సాహం ఆపుకోలేక వాట్సాప్ గుంపులో "చివర్లో తెలుస్తుంది, ఆ పిల్ల అసలు ఆమె కూతురే కాదు" అని పెట్టేస్తారు. కొందరు జాగ్రత్తపడి "ఏమీ చెప్పను, చివర్లో ట్విస్టు అదిరిపోద్ది" అంటారు. రెండోది నయమనిపిస్తుంది గానీ కాదు. ట్విస్టు ఉందనగానే పదిమందీ నవల చదవడం మాని దొంగని వెతకడం మొదలుపెడతారు. అరవయ్యో పేజీకల్లా ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు, మిగతా నూటయాభై పేజీలు ఆవలిస్తూ తిప్పుతారు.

ఎవరు దాస్తున్నారు, ఎవరి దగ్గర దాస్తున్నారు, దాచినందుకు ఆ ఇల్లు ఎట్లా మారింది, ఈ మూడూ ఎంతైనా చెప్పొచ్చు. ఏం దాచారన్నది మాత్రం పుస్తకానికి వదిలెయ్యాలి. పని ఇంతే, కానీ దానికి ముందూ వెనకా చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

గుట్టు ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది

నవల చదివాక ఒక కాగితం తీసుకుని రెండు గీతలు గీయండి. ఒకటి పాఠకుడికి గుట్టు తెలిసిన చోటు, ఇంకొకటి ఆ ఇంటివాళ్ళకి తెలిసిన చోటు. ఈ రెండు గీతల మధ్య దూరాన్ని బట్టే మీరు ఎంత చెప్పొచ్చో తేలుతుంది.

భారతం తీసుకోండి. కర్ణుడి పుట్టుక వినేవాళ్ళకి ఆదిపర్వంలోనే తెలుసు. కర్ణుడికి ఉద్యోగపర్వంలో తెలుస్తుంది. పాండవులకి యుద్ధమంతా అయిపోయి, చచ్చినవాళ్ళకి నీళ్ళు వదిలేటప్పుడు స్త్రీపర్వంలో కుంతి చెబుతుంది. ఉద్యోగ, స్త్రీ పర్వాలు రెండూ మన నెల్లూరి తిక్కన తెలుగు చేసినవే. వినేవాడికి తెలిసిన ముక్క ధర్మరాజుకి తెలియకపోవడమే అక్కడి బిగువంతా. ఇట్లాంటి కట్టుబడి ఉన్న నవలకి గుట్టు ముందే చెప్పినా పోయేదేం లేదు, చెబితేనే చదివేవాళ్ళు సరైన చోట ఊపిరి బిగబడతారు. (ఆ తర్వాతే ధర్మరాజు ఆడవాళ్ళ నోట మాట దాగకూడదని శపించాడంటారు. "నోట్లో నువ్వుగింజ నానదు" అన్న సామెతని ఆ శాపానికే ముడిపెడతారు. గుంపుల్లో చూస్తే మగవాళ్ళ నోట్లోనూ ఏమీ నానదు.)

రెండో రకంలో పాఠకుడికీ పాత్రకీ దాదాపు ఒకేసారి తెలుస్తుంది. ఎస్.ఎల్. భైరప్ప 1965లో కన్నడంలో రాసిన 'వంశవృక్ష' ఈ రకం. నంజనగూడులో కపిలా నదిలో కొడుకు మునిగిపోతే మిగిలిన ముసలి తండ్రి శ్రీనివాస శ్రోత్రి, వితంతువైన కోడలు కాత్యాయని, పసి మనవడు, వీళ్ళ కథ. ఇక్కడ ఒక్కమాట జారినా నవల సగం చస్తుంది. పేరే కొంత వాసన పట్టిస్తుంది, దానికి మీరు తోడవకూడదు. దీనికి ఇంకో చిక్కుంది. 1980లో బాపు దీన్ని జె.వి. సోమయాజులుతో తెలుగు సినిమాగా తీశారు. బృందంలో చూసినవాళ్ళు ఉంటారు. వాళ్ళని ముందే పక్కకి పిలిచి చెప్పి ఉంచాలి, లేకపోతే "అయ్యో, సోమయాజులు చివర్లో..." అని మొదలుపెడతారు.

మూడో రకంలో గుట్టు పూర్తిగా తేలదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి తల్లి గురించి ఊరు అనుకునే మాట కొడుకుని బతుకంతా వెంటాడుతుంది. ఇట్లాంటి నవలకి "చివర్లో అన్నీ తెలుస్తాయి" అన్న ఆశ పెట్టారా, చర్చ రోజు తిట్లు మీకే. తేలదని ముందే చెప్పండి, అది గుట్టు విప్పినట్టు కాదు.

నవల తట్టుకుంటుందా లేదా

ఇంటిగుట్టు ఉన్న ప్రతి నవలా చర్చకి పనికిరాదు. ఒక్క పరీక్ష చాలు. గుట్టు బయటపడ్డాక ఇంకా ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. 240 పేజీల నవల్లో 235వ పేజీలో బయటపడితే అది పొడుపుకథ, విప్పాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. కనీసం ముప్ఫై, నలభై పేజీలు ఉండాలి. తెలిసిన మర్నాడు ఆ ఇంట్లో అన్నం ఎవరు వడ్డించారు, ఎవరు ఎవరితో మాట్లాడలేదు, పిల్లలకి ఏమని చెప్పారు, చర్చకి సరుకంతా అక్కడే ఉంటుంది. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైన నవలల్లో ఈ లోపం ఎక్కువ. ప్రతి వారం కొసన ఒక కొక్కెం తగిలించి, చివరి రెండు వారాల్లో గబగబా చుట్టేసి ఉంటారు. చదవడానికి హాయిగా ఉంటాయి, చర్చకి గంట కూడా నిలవవు.

రెండో పరీక్ష: మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి. గుట్టు తెలిసిన కళ్ళతో చూస్తే మామూలు మాటల్లో కొత్త అర్థం కనపడాలి. కనపడకపోతే రచయిత గుట్టుని మధ్యలో ఎక్కడో తెచ్చి అతికించినట్టే.

అనువాద నవలైతే చుట్టరికాలు చూసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. ఇంగ్లీషులో 'కజిన్' అంటే సరిపోతుంది. మనకి మేనమామ కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న. ఒకరిని పెళ్ళి చేసుకోవచ్చు, ఇంకొకరితో ఆ మాటే రాకూడదు. అనువాదకుడు తేల్చకుండా 'కజిన్' అనో 'బంధువు' అనో వదిలేస్తే, పెళ్ళి చుట్టూ తిరిగే గుట్టు తెలుగు పాఠకుడికి అందదు. 'అంకుల్', 'ఆంటీ' అన్నవీ అంతే. బాబాయో, మామయ్యో, పక్కింటాయనో తెలియకపోతే ఎవరి మాట ఎంత బరువో తెలియదు. పది పేజీలు తిరగేసి చూసి, ఇట్లా ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టండి.

పాత్రలు పన్నెండు దాటితే చుట్టరికాల పట్టిక ఒకటి రాసివ్వండి. అందులోనూ ప్రమాదం ఉంది. మీకు మొత్తం తెలుసు గనుక తెలియకుండానే నిజమైన చుట్టరికం రాసేస్తారు. మొదటి యాభై పేజీల్లో ఇంటివాళ్ళు ఏమని చెప్పుకుంటున్నారో అదే రాయండి. అబద్ధమైనా సరే, అదే రాయండి.

ఎవరికి చెబుతున్నారో చూసుకోండి

హైదరాబాదులో పదిమంది కూర్చుంటే పది ఊళ్ళవాళ్ళు. కావలిలోనో కందుకూరులోనో కూర్చుంటే అందులో ఇద్దరు వదినా మరదళ్ళై ఉంటారు, ఇంకో ఇద్దరి పొలాలకి ఒకే గట్టు ఉంటుంది. నవల్లో అన్నదమ్ములు వీలునామా దాచిన కథ వస్తే బల్ల చుట్టూ ఉన్న అందరి కళ్ళూ ఒకే మనిషి మీదికి పోతాయి. ఆయన మళ్ళీ నెల రాడు.

అందుకని గుట్టు ఏ జాతిదో తేల్చుకోండి. పుట్టుకా, దత్తతా, ఆస్తా, రెండో కాపురమా, దాచి పెళ్ళి చేసిన జబ్బా, ఇల్లు వదిలి పోయిన ఆడపిల్లా. సభ్యుల్లో ఎవరింట్లో అయినా ఆ గొడవ ఇప్పుడు కోర్టులోనో పంచాయతీలోనో నడుస్తుంటే ఈ నవల ఇప్పుడు వద్దు, ఏడాది ఆగండి. పాతబడి చల్లారిన విషయమైతే ఫర్వాలేదు, ఒక్కోసారి అట్లాంటివాళ్ళే చర్చలో అందరికంటే బాగా మాట్లాడతారు.

అడిగే పద్ధతిలో జాగ్రత్త కావాలి. అనుమానం ఉన్న మనిషికే ఫోన్ చేసి "మీకేం ఇబ్బంది లేదుగా" అంటే, మీ ఇంటి సంగతి మాకు తెలుసని చెప్పినట్టే. గుంపులో అందరికీ ఒకేలా పెట్టండి: "వచ్చే నెలకి మూడు నవలలు అనుకుంటున్నాం. ఒకదాంట్లో దత్తత, ఒకదాంట్లో ఆస్తి తగాదా, ఒకదాంట్లో మతిస్థిమితం విషయం ఉన్నాయి. ఏదైనా వద్దనుకుంటే నాకు విడిగా చెప్పండి, కారణం అక్కర్లేదు." మూడు పేర్లు పెట్టడం మర్యాద కోసమే కాదు, వద్దన్నవాళ్ళ మీద వేలు పడకుండా కూడా.

ఆత్మహత్య, పసిపిల్లల మీద అఘాయిత్యం ఉంటే మాత్రం కచ్చితంగా చెప్పాలి, గుట్టులో కొంత బయటపడినా సరే.

కాపీలు, రోజుల లెక్క

సిఫారసు ఎంత బాగా చేసినా కాపీలు దొరక్కపోతే వృథా. పేరు చెప్పకముందే దొరుకుతుందో లేదో చూడాలి. అచ్చులో ఉంటే విజయవాడ దుకాణాల్లో అడిగి ఆర్టీసీ పార్సిల్‌లో తెప్పించుకుంటే నెల్లూరుకీ ఒంగోలుకీ మామూలుగా మర్నాటికి వస్తుంది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తెప్పించుకుంటే పార్సిల్ ఖర్చు తడిసి మోపెడవుతుంది, అయిదారు కలిపి తెప్పించండి. అచ్చులో లేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయం చూడండి. ఇంకా పాతదైతే వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకి పెట్టింది పేరు. వేటపాలెం 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, ఒంగోలు నుంచి వెళ్ళిరావడానికి ఒక పూట చాలు.

"పాతదేగా, పీడీఎఫ్ పెట్టేద్దాం" అనేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది గడిచాక ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. నవలా రచయిత గోపీచంద్ 1962లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయిన నవలల మీద హక్కు 2022 డిసెంబరుతో తీరింది. బుచ్చిబాబు 1967లో పోయారు, 2027 చివరిదాకా ఉంది. అంటే పైన చెప్పిన 'చివరకు మిగిలేది' ఫోటోలు తీసి గుంపులో పంచకూడదు. అనువాదమైతే అనువాదకుడి హక్కు విడిగా లెక్కపెట్టాలి.

పదిమందికి అయిదు కాపీలున్నా నడుస్తుంది. 240 పేజీలు, రోజుకి 20 చొప్పున 12 రోజులు. రెండు విడతలు కలిపి 24 రోజులు, జారుడుకి నాలుగు రోజులు వదిలి 28వ రోజు కూర్చోవచ్చు. మొదటి విడత చదివినవాళ్ళకి అప్పటికి పేర్లు మర్చిపోతాయి, పైగా వాళ్ళ దగ్గర గుట్టు పదహారు రోజులు ఊరుతూ ఉంటుంది. పుస్తకం చేతులు మారే రోజునే అర పేజీ రాసి పెట్టుకోమనండి: నాలుగు పేర్లు, ఆగిపోయిన మూడు చోట్లు. పాత ముద్రణా కొత్త ముద్రణా కలిసి ఉంటే పేజీ నంబర్లు కలవవు, అధ్యాయాల లెక్కన మాట్లాడుకోండి.

ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు వేలం నడిచే నెలల్లో, నెల్లూరు వైపు వరికోతలప్పుడు 200 పేజీలు దాటినది పెట్టొద్దు. రొట్టెల పండగ వారంలో నెల్లూరులో ఎవరింట్లోనూ చుట్టాలు లేకుండా ఉండరు, ఆ వారం చర్చే పెట్టొద్దు.

గుంపులో పెట్టే మాట

పది వాక్యాలు దాటొద్దు. ఒక నమూనా:

"వచ్చే నెలకి నా సిఫారసు బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది'. దయానిధి అనే కుర్రాడు డాక్టరు చదువు చదువుతుంటాడు. వాళ్ళమ్మ గురించి ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట కొడుకు స్నేహాల్లోకి, పెళ్ళిలోకి, ఒంటరితనంలోకి ఎట్లా దూరిందన్నది నవల. సంఘటనలు తక్కువ, ఆలోచనలు ఎక్కువ, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. అన్నిటికీ జవాబు దొరకదు. ఇంట్లో జబ్బు, చావు ఉన్నాయి. కాపీలు అయిదు నా దగ్గరున్నాయి, బుధవారం నుంచి తీసుకోవచ్చు. ముందుమాట చివర్లో చదవండి."

ఇందులో ఏది తీసేసినా ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది. నవల నిదానమని చెప్పకపోతే ఇరవయ్యో పేజీలో నలుగురు దిగిపోతారు. జవాబు దొరకదని చెప్పకపోతే చివర్లో అలుగుతారు. చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. తెలుగు నవలలకి ముందుమాట రాసేవాళ్ళు కథంతా పూసగుచ్చినట్టు చెప్పేసి, ఆ తర్వాత "పాఠకులే చదివి ఆనందించాలి" అంటారు. అట్ట వెనక రాసినదీ ఒకసారి చూడండి. అక్కడ గుట్టు బయటపడి ఉంటే అయిదు కాపీలకీ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఇవ్వండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

వద్దనాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "ఎవరూ ఊహించలేరు" అనకండి, పంతం పడతారు. "అచ్చం మన ఇళ్ళల్లో జరిగేదే" అనకండి, ఎవరింట్లో అని వెతుకుతారు. "ఏడుపు ఆగదు" అన్నా నష్టమే, ఏడుపు రానివాళ్ళు తమలో ఏదో తక్కువుందనుకుంటారు.

నోటితో చెప్పేటప్పుడు

ఎదురుగా కూర్చుని చెప్పే అవకాశం ఉంటే కథ చెప్పొద్దు, ఒక పేజీ చదివి వినిపించండి. ఒక పేజీకి రెండు నిమిషాలు పడుతుంది, అంతకంటే వద్దు. కథ చెప్పడం మొదలుపెడితే ఆగడం కష్టం. పక్కనున్నవాళ్ళు "ఏందబ్బా, అంతా నువ్వే చెప్పేస్తే ఇంక మేం చదివేదేముండాది?" అనేదాకా తెలియదు.

ఏ పేజీ చదవాలన్నదానికి గుర్తు: మొదటి ముప్ఫై పేజీల్లో ఎవరో ఒకరు మాట మధ్యలో ఆపే చోటు. ఉదాహరణకి అత్తగారు చేటలో కందిపప్పు ఏరుతూ "మీ మామయ్య అప్పట్లో గూడూరులో ఉండేటప్పుడు..." అని ఆగి, "పాలు చూడవే, పొంగుతుండాయి" అంటుందనుకోండి. కోడలు లేచి వెళుతుంది, పొయ్యి మీద పాలే ఉండవు. చాలా ఇంటిగుట్టు నవలల్లో ఇట్లాంటి చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఆపి పుస్తకం మూసెయ్యండి. వ్యాఖ్యానం చెయ్యొద్దు, గొంతు మార్చి సూచన ఇవ్వొద్దు. మామూలుగా చదవండి. ఆ పేజీకి చీటీ పెట్టి ఉంచండి, తర్వాత పనుంది.

ఈ నాలుగు వారాలూ

తొందరగా చదివేసేవాళ్ళే ప్రమాదం. వాళ్ళకి ఒక పని అప్పజెప్పండి, చర్చ రోజుకి నాలుగు ప్రశ్నలు తయారు చెయ్యమనండి. గుంపులో పదిహేనో రోజున ఒక్క మాటే అడగండి: "ఎవరు ఏ అధ్యాయంలో ఉన్నారు?" జవాబు అంకె మాత్రమే. "ఎలా ఉంది?" అని అడిగితే ఎవరో ఒకరు "ఆ పెద్దాయన మీద నాకు ముందే అనుమానం" అని రాస్తారు, అంతటితో సరి. పొరపాటున ఎవరైనా రాసేస్తే వెంటనే తీసేయించండి గానీ దాని మీద చర్చ పెట్టొద్దు. "అయ్యో, ఎందుకు చెప్పారు" అని నలుగురు రాస్తే చూడనివాళ్ళు కూడా పైకి జరిపి చూస్తారు.

చర్చ రోజు

మొదటి ప్రశ్న "ఎలా ఉంది" కాకూడదు. "ఈ ఇంట్లో గుట్టు అందరికంటే ముందు పసిగట్టింది ఎవరు?" అని అడగండి. చాలా నవలల్లో జవాబు పనిమనిషో, పసిపిల్లాడో అవుతారు, ఎవరూ లెక్కపెట్టని మనిషి. పుస్తకం తిరగేసి వెతుక్కోవాల్సి వస్తుంది గనుక చర్చ నవల మీదే నిలబడుతుంది. తర్వాత, చెప్పడానికి చేజారిన అదను ఏది? ఎవరి మేలు కోసమని దాచారు, ఆ మేలు ఎవరికి జరిగింది? తెలిసినా మారని మనిషి ఎవరు?

"మీరైతే ఏం చేసేవాళ్ళు?" అన్నది మొదటి ముప్పావుగంటలో రానివ్వకండి. అది వచ్చిందంటే నవల మూతపడి ఇళ్ళు తెరుచుకుంటాయి. అయినా ఎవరైనా "మా చిన్నత్త సంగతి కూడా ఇట్టాగే..." అని మొదలుపెడితే నొప్పించకుండా మళ్ళించాలి: "అది టీ తాగేటప్పుడు చెప్పుకుందాం అక్కా. ముందు ఈమె ఆ ఉత్తరం ఎందుకు చించలేదో చూద్దాం." టీ దగ్గర చెబుతారా, చెప్పరా అన్నది వాళ్ళ ఇష్టం. ఎక్కువమంది చెప్పరు.

లేచేముందు అయిదు నిమిషాలు ఉంచుకోండి. చీటీ పెట్టిన ఆ పేజీ తీసి మళ్ళీ చదవండి, మొదటిసారి చదివినట్టే, గొంతు మార్చకుండా. పాలు పొంగుతున్నాయని ఆమె అన్నచోట ఈసారి ఎవరూ పుస్తకం వంక చూడరు.